లెవెన్త్ అయిపోతోంది: కాలేజీ దరఖాస్తుల్లో ఏ దారి మీ ఇంటికి సరిపోతుంది?

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో మే, జూన్ వచ్చాయంటే ఒకటే ప్రశ్న. "మా అమ్మాయి రైజింగ్ సీనియర్ (ట్వెల్త్‌కి వెళ్తోంది) అండీ, ఇప్పుడు ఏం చెయ్యాలి?" అప్పటికి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు అయిపోయి ఉంటాయి. వాట్సాప్ గ్రూపుల్లో సీనియర్ పిల్లలు ఎక్కడెక్కడ చేరుతున్నారో ఫొటోలతో సహా వస్తుంటుంది. ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అడిగే వాళ్ళలో ఎక్కువమందికి ముందు కావలసింది కాలేజీల లిస్టు.

లిస్టు కాస్త ఆగవచ్చు. కాలేజీకి ఏడాదికి ఎంత పెట్టగలమన్నది ఇంట్లో ముందు తేల్చుకోవాలి. ఏ రౌండులో (ముందస్తు గడువుకా, మామూలు గడువుకా) వెయ్యాలి, సొంత రాష్ట్రమా బయటా, ప్రైవేటా ప్రభుత్వమా అన్న ప్రశ్నలన్నీ ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. పిల్లలు సెప్టెంబరులో క్లాసులు, ఎస్సేలు, పరీక్షల మధ్య నలిగిపోతున్నప్పుడు ఈ సంభాషణ పెట్టుకుంటే గొడవ తప్ప ఏమీ తేలదు. వేసవిలో అయితే తీరిగ్గా కూర్చోవచ్చు.

డబ్బు లెక్క: సొంత రాష్ట్రమా, ప్రైవేటా?

పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్, గది, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 90,000 డాలర్లు దాటిపోయింది. సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలో ఇదే ఖర్చు చాలాచోట్ల 30,000 నుంచి 45,000 మధ్య ఉంటుంది. నాలుగేళ్ళకు తేడా దాదాపు రెండు లక్షల డాలర్లు. ఇద్దరు పిల్లలుంటే ఆ తేడాలో ఒక ఇల్లే వచ్చేస్తుంది.

మనవాళ్ళలో రెండు రకాల పొరపాటు అంచనాలు కనిపిస్తాయి. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉండి ఏడాదికి మూడు లక్షల డాలర్లు సంపాదిస్తున్నవాళ్ళు "మంచి యూనివర్సిటీలో సీటు వస్తే వాళ్ళే ఏదో స్కాలర్‌షిప్ ఇస్తారులే" అనుకుంటారు. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది ప్రైవేటు) యూనివర్సిటీలు మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు, కుటుంబ అవసరాన్ని బట్టే ఇస్తాయి. ఆ ఆదాయానికి వచ్చేది చాలా తక్కువ, చాలాసార్లు సున్నా. ఇంకోవైపు, ఒక్కరి జీతంతో నడిచే ఇంట్లో "మనకు ప్రైవేటు అందదు" అని ముందే తలుపు మూసేస్తారు. ఎంఐటీ, హార్వర్డ్ 2025 నుంచి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయం, మామూలు ఆస్తులు ఉన్న కుటుంబాలకు ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. అలాంటి ఇంటికి సొంత రాష్ట్రం కంటే హార్వర్డే చవక పడవచ్చు.

ఊహలతో పని లేకుండా తెలుసుకోవడానికి ఒక సాధనం ఉంది. ఫెడరల్ సహాయం తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (మీ ఇంటికి నిజంగా ఎంత పడుతుందో చూపించేది) పెట్టాలని 2011 నుంచి నిబంధన. ఒక శనివారం సాయంత్రం డబ్ల్యూ-2లు (ఏడాది జీతం పత్రాలు), కిందటేడు ట్యాక్స్ రిటర్న్, బ్యాంకు, బ్రోకరేజ్ స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగైదు కాలేజీలకు నింపి చూడండి. ఒక్కోదానికి పావుగంట పడుతుంది. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) వెస్ట్ అయినప్పుడు, అంటే చేతికొచ్చినప్పుడు, డబ్ల్యూ-2లో జీతం ఎంత పెరిగి కనబడుతుందో అక్కడ తెలుస్తుంది. ఇంటి విలువ, మిగిలిన లోను అడిగే గడి కొన్ని కాలేజీల క్యాలిక్యులేటర్‌లోనే ఉంటుంది. ఎందుకంటే ఫాఫ్సా (ఫెడరల్ సహాయానికి పెట్టే దరఖాస్తు) మీరు ఉండే ఇంటిని లెక్కలోకి తీసుకోదు, ప్రైవేటు కాలేజీలు ఎక్కువగా వాడే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో దరఖాస్తు మాత్రం ఇంటి గురించి అడుగుతుంది. ఇల్లు కొని పదిహేనేళ్ళయి విలువ బాగా పెరిగిన వాళ్ళకు ఈ రెండు లెక్కల మధ్య తేడా వేలల్లో ఉంటుంది. 401(కె) రిటైర్‌మెంట్ నిల్వను ఫాఫ్సా ఆస్తిగా చూడదు. కాలేజీ పొదుపుకు వాడే 529 ఖాతాను తల్లిదండ్రుల ఆస్తిగా చూస్తుంది, అందులోంచి గరిష్ఠంగా 5.64 శాతం మాత్రమే లెక్కలోకి వస్తుంది. కాబట్టి "529లో దాస్తే ఎయిడ్ పోతుంది" అన్న భయం చాలావరకు అక్కర్లేనిది.

ఫాఫ్సా, సీఎస్ఎస్ రెండూ మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటాయి. కానీ అవి చూసే ఆదాయం రెండేళ్ళ కిందటిది. 2027 ఫాల్‌లో చేరే పిల్లలకు 2025 ఆదాయమే లెక్క. అంటే మొదటి ఏడాదికి లెక్క అయిపోయింది, మార్చడానికి ఏమీ లేదు. ఈ ఏడాది షేర్లు పెద్దమొత్తంలో అమ్మాలనుకుంటే అది రెండో ఏడాది లెక్కలోకి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

అప్పు చేసి చదివిద్దాం అనుకునేవాళ్ళకు కూడా పరిస్థితి మారింది. పిల్లల పేరు మీద ఫెడరల్ లోను మొదటి ఏడాది 5,500 డాలర్లు, నాలుగేళ్ళకు కలిపి 27,000 మాత్రమే. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోనుకు ఇంతకుముందు కాలేజీ ఖర్చంతా ఇచ్చేవాళ్ళు. 2026 జులై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్ళకు ఒక్కో పిల్లకు ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 డాలర్లు దాటకూడదు. మిగతాదానికి ప్రైవేటు లోను తీసుకోవాల్సిందే, దాని వడ్డీ వేరే కథ.

ఎర్లీ డెసిషనా, ఎర్లీ యాక్షనా?

ఇళ్ళలో ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. పిల్లలు "ఈడీ ఎక్కడ వేస్తున్నావ్?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటారు, ఈడీ వెయ్యకపోతే ఏదో పోగొట్టుకున్నట్టు.

ఎర్లీ డెసిషన్ అంటే మాట ఇవ్వడం. ఒక్క కాలేజీకే వెయ్యాలి, సీటు ఇస్తే చేరతామని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూలు కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి. గడువు ఎక్కువచోట్ల నవంబరు 1, ఫలితం డిసెంబరు మధ్యలో. సీటు వస్తే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. పెన్, కార్నెల్, బ్రౌన్, కొలంబియా, డ్యూక్, కార్నెగీ మెలన్ వంటివి ఈ పద్ధతిలో ఉన్నాయి. వర్జీనియా లాంటి కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ ఉంది. చాలా కాలేజీలకు జనవరిలో ఈడీ రెండో విడత కూడా ఉంటుంది.

ఎర్లీ యాక్షన్‌లో మాట ఇవ్వడం లేదు. ముందుగా వేస్తారు, ముందుగా ఫలితం తెలుస్తుంది, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. ఎన్నిటికైనా వేసుకోవచ్చు. ఎంఐటీ, ఇల్లినాయ్ అర్బానా షాంపేన్, పర్డ్యూ నవంబరు 1కి. నార్త్ కరోలినా చాపెల్ హిల్, యూటీ ఆస్టిన్ అక్టోబరు 15కి. జార్జియా టెక్‌లో జార్జియా వాళ్ళకు అక్టోబరు 15, బయటివాళ్ళకు నవంబరు 1.

ఈ రెంటికీ మధ్యలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్‌ల పద్ధతి ఉంది. సీటు వస్తే చేరాలన్న కట్టుబాటు లేదు గానీ, ఇక్కడ ముందుగా వేస్తే ఇంకో ప్రైవేటు యూనివర్సిటీకి ముందుగా వెయ్యకూడదు. ప్రభుత్వ యూనివర్సిటీల ఎర్లీ యాక్షన్‌కు అభ్యంతరం లేదు. తెలుగు పిల్లలు చాలామంది స్టాన్‌ఫర్డ్‌కు ఇలా వేసి, తోడుగా సొంత రాష్ట్ర యూనివర్సిటీకి వేస్తారు. ఇది మంచి కలయికే.

ఈడీలో సీటు వచ్చే శాతం మామూలు రౌండు కంటే ఎక్కువగా కనబడుతుంది. ఆ అంకె చూసి తొందరపడకండి. అందులో క్రీడాకారులుగా ముందే ఎంపికైనవాళ్ళు, అక్కడ చదివిన వాళ్ళ పిల్లలు కూడా కలిసి ఉంటారు. వాళ్ళను తీసేస్తే మన పిల్లలకు మిగిలే లాభం అంకెలో కనిపించేంత ఉండదు. ఉంటుంది, కాదనడం లేదు. దానికి ఇచ్చే ధర ఏమిటన్నదే చూసుకోవాలి.

ఈడీలో సీటు వస్తే ఇంకో కాలేజీ ఇచ్చే స్కాలర్‌షిప్‌తో పోల్చి చూసుకునే అవకాశం పోతుంది. అవసరాన్ని బట్టి ఇచ్చే సహాయం చాలకపోతే ఒప్పందం నుంచి బయటికి రానిస్తారు, నిజమే. కానీ మూడు లక్షల ఆదాయం ఉన్న ఇంటికి "సహాయం చాలలేదు" అనడానికి ఆధారం ఉండదు, ఎందుకంటే క్యాలిక్యులేటర్ ముందే సున్నా చూపించింది. కాబట్టి నేను ఇలా చెబుతాను. ఆ కాలేజీ క్యాలిక్యులేటర్ చూపించిన మొత్తాన్ని నాలుగేళ్ళపాటు, రెండో పిల్లకు కూడా అన్యాయం జరక్కుండా కట్టగలిగితే, పిల్ల ఆ కాలేజీని నిజంగా కోరుకుంటే, ఈడీ వెయ్యండి. ఈ రెంటిలో ఏది లేకపోయినా వెయ్యకండి. "ఎక్కడో ఒకచోట ఈడీ వాడుకోవాలి" అని తక్కువ ఇష్టమున్న కాలేజీకి వేసి, సీటు వచ్చిన రోజే పిల్ల ముఖం చిన్నబుచ్చుకోవడం బాధాకరం.

మధ్యతరగతి తెలుగు ఇళ్ళకు, అంటే ఆదాయం సహాయానికి ఎక్కువ, పూర్తి ఫీజుకు తక్కువ ఉన్న ఇళ్ళకు, నాకు బాగా నచ్చే దారి ఇది: సొంత రాష్ట్ర యూనివర్సిటీకి అది పెట్టిన మొట్టమొదటి గడువుకే వెయ్యడం, మంచి స్కాలర్‌షిప్‌లు ఇచ్చే రెండు మూడు చోట్లకు ఎర్లీ యాక్షన్ వెయ్యడం, పెద్ద పేర్లను జనవరిలో ఉండే మామూలు రౌండుకు ఉంచుకోవడం. చాలా యూనివర్సిటీల్లో స్కాలర్‌షిప్‌ పరిశీలనకు కూడా ఆ ముందస్తు గడువే వర్తిస్తుంది. డిసెంబరుకో జనవరికో చేతిలో ఒక సీటు పడితే ఇంట్లో గాలి తేలికపడుతుంది.

కాలిఫోర్నియా వాళ్ళకు ఈ చర్చే వేరు. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకు ఎర్లీ రౌండ్లు లేవు. దరఖాస్తు ఆగస్టు 1న తెరుచుకుంటుంది, అక్టోబరు 1 నుంచి నవంబరు చివరిదాకా పంపవచ్చు. ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి 350 మాటల చొప్పున జవాబులు రాయాలి. మామూలుగా సిఫార్సు లేఖలు అడగరు. మార్కుల లెక్కలో తొమ్మిదో తరగతి తర్వాత వేసవి నుంచి పదకొండో తరగతి తర్వాత వేసవి దాకా చేసిన కోర్సులే ఉంటాయి. అంటే ఈ వేసవే ఆ జీపీఏకి ఆఖరి అవకాశం. ఏదైనా కోర్సులో డి వచ్చి ఉంటే, దాన్ని మళ్ళీ చేసుకోవడం ఏ ఖరీదైన సమ్మర్ క్యాంపు కంటే కూడా విలువైన పని.

కంప్యూటర్ సైన్స్ నేరుగానా, పక్క తలుపునా?

మనవాళ్ళలో చాలామంది కంప్యూటర్ సైన్స్ మాటే ఎత్తుతారు. యూనివర్సిటీలో సీటు రావడం ఒకటి, ఆ మేజర్‌లో (ప్రధాన సబ్జెక్టులో) సీటు రావడం ఇంకొకటి అని ముందు అర్థం చేసుకోవాలి. టెక్సస్‌లో ఫ్రిస్కో, ప్లేనో స్కూళ్ళలో చదివే పిల్లలకు ఇది బాగా తగులుతుంది. యూటీ ఆస్టిన్ 2026లో చేరే బ్యాచ్ నుంచి క్లాసులో మొదటి 5 శాతంలో ఉన్న టెక్సస్ విద్యార్థులకు ఆటోమేటిక్ అడ్మిషన్ ఇస్తోంది, అంతకుముందు అది 6 శాతం. దరఖాస్తు వేళకు ఉండే ర్యాంకు అంటే దాదాపుగా జూనియర్ ఇయర్ (లెవెన్త్) చివరి ర్యాంకే. కానీ ఆ హామీ యూనివర్సిటీకే, కంప్యూటర్ సైన్స్‌కో బిజినెస్‌కో కాదు. టెక్సస్ ఏ అండ్ ఎంలో మొదటి 10 శాతానికి హామీ ఉంది. అక్కడ ఇంజినీరింగ్ పిల్లలు మొదటి ఏడాది జనరల్ ఇంజినీరింగ్‌లో చేరి, ఆ ఏడాది మార్కుల మీద బ్రాంచి తెచ్చుకోవాలి.

"ముందు ఏదో ఒక మేజర్‌లో చేరి తర్వాత సీఎస్‌కి మారదాం" అనే సలహా మన గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. ఒకప్పుడు కొన్నిచోట్ల పనిచేసేది. ఇప్పుడు ఇల్లినాయ్‌లో, సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో, 2023 నుంచి బర్కిలీలో కూడా ఆ తలుపు చాలా ఇరుకు. అలాంటి చోట్ల మేజర్‌లో సీటు రాకపోతే ఆ కాలేజీ పేరు మీదే ప్రేమ ఉందా, చదువు మీదా అని పిల్లను అడగండి. చదువు మీదే అయితే, మేజర్ మార్చుకోవడానికి వీలిచ్చే ఇంకో యూనివర్సిటీ ఎంచుకోవడం మేలు. ఇల్లినాయ్‌లో గణితం, భాషాశాస్త్రం లాంటి వాటితో కలిపిన సీఎస్ ప్లస్ డిగ్రీలు ఉన్నాయి. పిల్లకు ఆ రెండో సబ్జెక్టు మీద నిజంగా ఆసక్తి ఉంటేనే అవి పనికొస్తాయి.

డాక్టరు కావాలనే పిల్లల విషయం కొంచెమే చెబుతాను. బీఎస్ ఎండీ ప్రోగ్రాములు, అంటే బ్రౌన్‌లో ఎనిమిదేళ్ళ కోర్సు, మిస్సోరీ కాన్సస్ సిటీలో ఆరేళ్ళ కోర్సు లాంటివి, హైస్కూలు నుంచే మెడికల్ సీటు ఖాయం చేస్తాయి. సీట్లు బాగా తక్కువ. దొరకనివాళ్ళకు సొంత రాష్ట్ర యూనివర్సిటీలో చవగ్గా డిగ్రీ చేసి డబ్బు మెడికల్ స్కూలుకు దాచుకోవడం తెలివైన దారి. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళలో కనీసం 90 శాతం సీట్లు టెక్సస్ వాళ్ళకే అని చట్టం ఉంది. అందుకే బయటికి పోయినా టెక్సస్ నివాసం వదులుకోకూడదు.

ఎస్ఏటీనా, ఏసీటీనా, రెండూ వద్దా?

ఎస్ఏటీ, ఏసీటీ రెండూ కాలేజీ దరఖాస్తుతో స్కోరు పంపే పరీక్షలు. 2024 మార్చి నుంచి అమెరికాలో ఎస్ఏటీ పూర్తిగా కంప్యూటర్ మీదే. 98 ప్రశ్నలు, 2 గంటల 14 నిమిషాలు. మొదటి భాగం ఎలా రాశారన్న దాన్ని బట్టి రెండో భాగం కష్టం మారుతుంది. గణితం మొత్తానికీ తెరమీదే డెస్మోస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. ఏసీటీని కూడా 2025లో కుదించారు. సైన్స్ భాగం ఐచ్ఛికం అయింది. మిగిలినవి 131 ప్రశ్నలు, 2 గంటల 5 నిమిషాలు. చదివిన వెంటనే చకచకా జవాబు పెట్టేసే పిల్లలకు ఏసీటీ, ఆగి ఆలోచించే పిల్లలకు, గణితం బాగా వచ్చినవాళ్ళకు ఎస్ఏటీ నప్పుతుంది. ఒక్కో ప్రాక్టీసు టెస్టు ఇంట్లో టైము పెట్టి రాయించి, ఏది బాగా వస్తే దాన్నే పట్టుకోండి. రెంటికీ కోచింగ్ పెట్టించడం డబ్బు దండగ, పిల్ల ప్రాణానికీ కష్టం.

అసలు రాయాలా అన్నదానికి జవాబు లిస్టును బట్టి మారుతుంది. యూసీలు, కాల్ స్టేట్‌లు స్కోరు ఇచ్చినా చూడవు. ఎంఐటీ, హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, బ్రౌన్, కార్నెల్, డార్ట్‌మత్, జార్జియా టెక్, పర్డ్యూ, యూటీ ఆస్టిన్ అడుగుతున్నాయి. కొలంబియాకు ఐచ్ఛికం. ఆప్షనల్ అన్న చోట పంపాలా వద్దా తేల్చుకోవడానికి, ఆ కాలేజీ కామన్ డేటా సెట్ (అది బయటపెట్టే అంకెల పత్రం) చూడండి, అందులో చేరిన పిల్లల్లో మధ్యలో ఉన్న సగం మంది స్కోర్లు ఉంటాయి. వాటి మధ్యలోగానీ పైన గానీ ఉంటే పంపండి. మొదటిసారి రాసిన స్కోరు తక్కువైతే ఆగస్టు పరీక్ష ఇంకా ఉంది, అది ఎర్లీ దరఖాస్తులకు అందుతుంది. ఆ తర్వాత కూడా పెరగకపోతే ఇక వదిలేసి ఎస్సేల మీద కూర్చోవడం మంచిది.

హెచ్-4 పిల్లలకు

గ్రీన్‌కార్డు క్యూలో పదేళ్ళకు పైగా ఉన్న ఇళ్ళకు ఈ లెక్కలన్నీ ఇంకో మెలిక తిరుగుతాయి. హెచ్-4లో, అంటే అమ్మానాన్నల హెచ్-1బీ మీద ఆధారపడిన వీసాలో, ఉన్న పిల్లకు ఫాఫ్సా ద్వారా ఫెడరల్ సహాయం రాదు. చాలా ప్రైవేటు యూనివర్సిటీలు సహాయం విషయంలో ఆ పిల్లను విదేశీ విద్యార్థిగానే చూస్తాయి. అంటే డబ్బు అవసరం ఉందని చెప్పడం సీటు మీదే ప్రభావం చూపే చోట్లు ఉంటాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ లాంటి కొన్ని మాత్రం విదేశీ విద్యార్థులకు కూడా ఆ ప్రభావం లేకుండా చూస్తాయి. కాబట్టి ఇలాంటి ఇంటికి సొంత రాష్ట్ర యూనివర్సిటీయే గట్టి పునాది. టెక్సస్, కాలిఫోర్నియాల్లో హెచ్-4 వాళ్ళు కూడా నివాస షరతులు తీరిస్తే ఇన్-స్టేట్ ఫీజుకు అర్హులే.

21 ఏళ్ళు నిండాక హెచ్-4 ఉండదు, ఎక్కువమందికి అది కాలేజీ మూడో ఏడాదిలో వస్తుంది. అప్పుడు ఎఫ్-1కి (విద్యార్థి వీసాకు) మారాలి. ముందే ఎఫ్-1కి మారితే సీపీటీ, ఓపీటీ (విద్యార్థి వీసా వాళ్ళకు ఇచ్చే పని అనుమతులు) కింద ఇంటర్న్‌షిప్ చేసుకునే వీలు దొరుకుతుంది, హెచ్-4 పిల్లలకు జీతం వచ్చే పని చెయ్యడానికి అనుమతి లేదు కదా. కానీ ఎఫ్-1కి మారితే ఇన్-స్టేట్ ఫీజు కొనసాగుతుందా అన్నది ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది. దరఖాస్తుకు ముందే రెసిడెన్సీ ఆఫీసుకు ఈమెయిల్ రాసి, జవాబు రాతలో తెచ్చుకోండి. ఫోన్‌లో విన్న మాట మూడేళ్ళ తర్వాత పనికిరాదు. లిస్టు తయారయ్యే ముందే ఒక ఇమిగ్రేషన్ లాయరుతో గంట మాట్లాడటానికి పెట్టే డబ్బు వృథా కాదు.

ఈ వేసవి ఎలా గడపాలి?

పేరున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో వేల డాలర్లు కట్టి చేసే రెండు వారాల ప్రోగ్రాము ఒకవైపు, ఊళ్ళో ఉద్యోగమో సొంతంగా మొదలుపెట్టిన పనో ఇంకోవైపు ఉంటే, రెండోదానికే నా ఓటు. డబ్బు కట్టిన ప్రోగ్రాము వల్ల ఆ యూనివర్సిటీలో సీటుకు మెరుగు ఉండదు. ఎంఐటీలో జరిగే ఆర్ఎస్ఐ పరిశోధన ప్రోగ్రాము లాంటివి వేరు, వాటికి ఎంపిక కఠినం, ఫీజు లేదు. కానీ వాటి గడువులు ఎప్పుడో చలికాలంలోనే అయిపోయి ఉంటాయి. డబ్బు తీసుకుని పరిశోధనా పత్రం అచ్చు వేయిస్తామనే సంస్థలకు దూరంగా ఉండండి. ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసిన వేసవిని మన తల్లిదండ్రులు తక్కువగా చూస్తారు, అడ్మిషన్ ఆఫీసర్లు అలా చూడరు. హెచ్-4 పిల్లలు మాత్రం జీతం లేని సేవ, కమ్యూనిటీ కాలేజీ కోర్సు, సొంత ప్రాజెక్టుల వైపే చూసుకోవాలి. అమ్మమ్మగారింటికి ఇండియా వెళ్ళడం మానుకోవక్కర్లేదు, ఆగస్టు రెండో వారానికి తిరిగొస్తే చాలు.

వేసవిలో తప్పకుండా అవ్వాల్సింది యాక్టివిటీల జాబితా. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో పది గడులు, ఒక్కో వివరణకు 150 అక్షరాలే. కూచిపూడో, మనబడి వాలంటీరు పనో, గుడి సేవో ఉన్న పిల్లలు దాన్ని ఎలా రాస్తారన్న దాంట్లోనే తేడా వస్తుంది. "గుడిలో వాలంటీరుగా చేశాను, పెద్దలకు సహాయం చేశాను" అని రాస్తే చదివినవాళ్ళకు ఏమీ కనబడదు. "ఆదివారం అన్నదానానికి 12 మంది పిల్లల బృందం, డ్యూటీ చార్టు నాదే, మిగిలిన భోజనం షెల్టరుకు చేర్చే పద్ధతి మొదలుపెట్టాను" అంటే అదే గడిలో ఒక మనిషి కనిపిస్తుంది. ఈ పని అమ్మానాన్నలు చెయ్యకూడదు. పిల్ల రాసినదాన్ని చదివి, "ఇక్కడ నువ్వు నిజంగా ఏం చేశావ్?" అని అడగడం వరకే మన పని.

ప్రైవేటు కన్సల్టెంటు అవసరమా అని అడుగుతారు. స్కూలు కౌన్సెలర్‌కు నాలుగైదు వందల మంది పిల్లలున్న పెద్ద పబ్లిక్ స్కూల్లో, ఎస్సేలు చదివి నిజాయితీగా చెప్పే పెద్దమనిషి ఒకరు ఉండటం మంచిదే. గంటల లెక్కన తీసుకునేవాళ్ళతో సరిపెట్టుకోవచ్చు. పదివేలకు పైగా ప్యాకేజీలు అమ్మేవాళ్ళు, ముఖ్యంగా సీటు గ్యారంటీ అనేవాళ్ళు అక్కర్లేదు. అమ్మాయి ఎస్సే వాళ్ళే తిరగరాస్తామంటే ఆ ఇంటి గడప దిగేయండి.

ఒక్క పని మాత్రం వేసవి దాకా ఆగకూడదు. కామన్ యాప్ వాడే చాలా కాలేజీలకు ఇద్దరు టీచర్ల లేఖలు కావాలి, జూనియర్ ఇయర్‌లో చెప్పిన టీచర్లైతే మేలు. ఎంఐటీ ఒకటి గణితం లేదా సైన్స్ నుంచి, ఇంకొకటి హ్యుమానిటీస్ లేదా భాషల నుంచి అడుగుతుంది. ఎ ప్లస్ ఇచ్చిన టీచరు కంటే, బి నుంచి ఎ దాకా పిల్ల కష్టపడటం కళ్ళారా చూసిన టీచరు మంచి లేఖ రాస్తారు. అడిగేది పిల్లే అయి ఉండాలి, ఈమెయిల్‌లో కాకుండా క్లాసు అయ్యాక ఎదురుగా నిలబడి. కొందరు టీచర్లు ఇంతమందికే రాస్తామని లెక్క పెట్టుకుంటారు, ముందు అడిగినవాళ్ళకే ఆ చోటు. అందుకే స్కూలు మూసే ఆఖరి వారం కంటే ముందే అడిగించండి. ఆ క్లాసులో తనకు గుర్తుండిపోయిన రెండు పనులు, కష్టపడ్డ ఒక యూనిట్ రాసిన ఒక పేజీ కాగితం చేతికిస్తే, ఆగస్టులో లేఖ రాసే టీచరుకు ఆ పిల్ల ఎవరో గుర్తుతెచ్చుకోవాల్సిన పని ఉండదు.